గట్లున్న ఫోర్కు

సైకిల్ షాపు గోడకు మేకు ఉంది కానీ, దానికి వేలాడాల్సిన ఆకురాయి లేదు. మామగారు బల్ల కింద వెతికారు, సొరుగు లాగి చూశారు, పాత ట్యూబుల గుట్ట తిరగేశారు. చివరికి స్పోకులు సరిచేస్తున్న కోడలి వైపు తిరిగారు.

"ఆకురాయి ఏదమ్మా?"

"నా దగ్గరే ఉంది మామయ్యా."

"ఇలా ఇవ్వు."

"ఇవ్వను."

పక్కన టైరు కొలుస్తున్న ఆమె భర్త, కొలత మరిచిపోయి మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాడు.

స్టాండుకు ఎక్కించిన సైకిలు వాళ్ళమ్మాయిది. ఒక్కచోట కుదురుగా కూర్చోదని ఇంటిల్లిపాదీ పిచ్చుక అంటారు. ఎల్లుండే సైకిలు పందెం. ముందు చక్రాన్ని పట్టుకునే కొత్త ఫోర్కు రెండు కొనల్లో, చక్రం ఇరుసు కూర్చునే చోట, గోరంత ఎత్తున గట్లు ఉంటాయి. చక్రాన్ని బిగించే క్విక్ రిలీజ్ పిడి వదులైనా చక్రం జారిపోకుండా పట్టుకునేవి అవే. కాకపోతే పిడి తెరవగానే చక్రం ఊడి చేతిలోకి రాదు. అవతలి నట్టు కూడా కొన్ని చుట్లు వదులు చేయాలి. పందెంలో పంక్చరైన వాళ్ళకు అది ప్రాణసంకటం. అందుకే పందెపు సైకిలు ఏది వచ్చినా మామగారు ముందు ఆకురాయితో గట్లు అరగదీసి, తర్వాతే చక్రానికి గాలి కొడతారు. ఆ పనిలో ఆయన చేతికి పేరుంది.

కోడలు కూడా ఇన్నాళ్ళూ కాదనలేదు. కానీ ఆ ఉదయం పిచ్చుక చక్రం బిగించుకోవడం చూసింది. పిడిని మడవకుండా, నట్టు తిప్పినట్టు గిరగిరా తిప్పి, చేతులు దులుపుకుని వెళ్ళిపోయింది పిల్ల. అచ్చం తాతలాగే.

"అందరూ గట్లు తీయించేసుకున్నారమ్మా," అంది అప్పుడే షాపులోకి వచ్చిన పిచ్చుక. "పంక్చరైతే నేనొక్కదాన్నే నట్టు తిప్పుకుంటూ కూర్చోవాలా? వెనకాల వచ్చే వాళ్ళకి చెయ్యి ఊపుతూ?"

"ఊపు. ఊపడానికి చెయ్యంటూ ఉంటుంది."

"నాన్నా, నువ్వైనా చెప్పు."

అతను అటూ కాదు, ఇటూ కాదు అన్నట్టు గొంతు సవరించుకున్నాడు. "తాతయ్య అనుభవం… అమ్మ భయం… రెండూ…"

"నీళ్ళు నమలకండి," అంది ఆమె. "భయం కాదు నాది."

మామగారు కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ఆయన పట్టిన కుందేలుకు ఎప్పుడూ మూడే కాళ్ళు. "నేను బిగించిన చక్రం ఊడిందని ఒక్కడొచ్చి చెప్పాడా ఇంతవరకూ?"

"అయితే ఇప్పుడు బిగించండి. ఎల్లుండి దానికి ఎలా బిగిస్తారో అలాగే."

ఆయన లేచారు. చక్రం ఫోర్కులో పెట్టి, పిడి పట్టుకుని తిప్పారు. మెడ నరాలు పైకి తేలేదాకా తిప్పారు. చిన్నప్పటినుంచి నట్లు బిగించిన చెయ్యి అది, తిప్పడమే తెలుసు దానికి. "ఏనుగొచ్చి లాగినా రాదు," అన్నారు.

కోడలు సైకిలు ముందు భాగం పైకెత్తి, టైరు మీద పిడికిలితో ఒక్క గుద్దు గుద్దింది. చక్రం కదల్లేదు. మామగారు మీసాల్లో నవ్వుకున్నారు. రెండో గుద్దుకు టక్కుమని చప్పుడైంది. చక్రం కిందికి జారి, నేలకు జానెడు ఎత్తున, ఆ రెండు గట్ల మీద వేలాడుతూ ఆగిపోయింది.

పిచ్చుక దగ్గరికొచ్చి వంగి, ఒక గట్టును వేలితో తడిమింది.

"ఇంకో చుట్టు తిప్పాల్సింది," అన్నారు మామగారు.

"ఎన్ని చుట్లు తిప్పినా అంతే మామయ్యా. అది తిప్పే పిడి కాదు, మడిచే పిడి." ఆమె చక్రాన్ని సరిగ్గా కూర్చోబెట్టి, నట్టు కొంచెం బిగించి, పిడిని అరచేత్తో నొక్కి మడిచింది. చెయ్యి తెరిచి చూపించింది. అరచేతిలో పిడి అచ్చు ఎర్రగా పడి ఉంది. "ఇలా అచ్చు పడాలి. పడకపోతే బిగిసినట్టు కాదు."

"సరే, అలాగే మడుస్తుంది. నేర్పించావుగా. ఇక ఆకురాయి ఇవ్వు."

"మడవడం మరిచిపోయే రోజు ఒకటి వస్తుంది. ఆ రోజు కోసమే గట్లు. ఇవ్వను."

"ఈ షాపు నాది."

"షాపు మీది. ఆ సైకిలెక్కేది నా కూతురు."

మామగారు చేతులు తుడుచుకున్న గుడ్డను బల్ల మీద పడేశారు. "అయితే రేపట్నించి నువ్వు ఈ బల్ల దగ్గరికి రావద్దు."

"సరే," అంది కోడలు, ఇంకో స్పోకు అందుకుంటూ.

మర్నాడు మామగారు వచ్చేసరికి షట్టరు తెరిచే ఉంది. కోడలు బల్ల దగ్గర కూర్చుని చక్రం తిప్పి చూస్తోంది. ఆయన కాసేపు గుమ్మంలోనే నిలబడ్డారు. తర్వాత తన సొంత సైకిలును నడిపించుకొచ్చి ఆమె ముందు ఆపారు. దాని గట్లు ఎప్పుడో అరిగిపోయాయి. ఆయన చేతులతోనే.

"దీని ఫోర్కు మార్చాలి," అందామె చూసి.

"మార్చు."

"బల్ల దగ్గరికి రావద్దన్నారుగా."

"అన్నాను. పోయావా?"

ఆమె తల వంచుకుని పాత ఫోర్కు విప్పసాగింది, నవ్వు కనబడకుండా. కొత్తది బిగించాక ఆయనే ముందు చక్రం పెట్టుకున్నారు. పిడి మీద చెయ్యి వేసి, అలవాటుగా ఒక చుట్టు తిప్పి, ఆగి, వెనక్కి తిప్పి, అప్పుడు మడిచారు. పిచ్చుక ఆయన అరచెయ్యి పట్టుకుని చూసింది.

"అచ్చు సగమే పడింది తాతయ్యా. మళ్ళీ చెయ్యి."

"మీ అమ్మ పోలికే," అన్నారాయన, పిడి మళ్ళీ తెరుస్తూ. "ఆకురాయి ఎక్కడ దాచిందో అదైనా కనుక్కోవే."

"అడిగాను. చెప్పలేదు."

"చెప్పను," అంది కోడలు.