గుమ్మం మీద దించిన కిరీటం

నేను ఒక కిరీటాన్ని. ఏ రాజుగారి తల మీదో వెలిగినదాన్ననుకునేరు, నాలో బంగారం ఇసుమంతైనా లేదు. నానబెట్టి రుబ్బిన పాత పేపర్ల గుజ్జు, చింతపిక్కల జిగురు, పైన మెరిసే తగరం, ముందువైపు పదకొండు గాజురాళ్ళు. అంతే నేను. తెలుగు సినిమాలన్నీ మద్రాసులోనే తయారయ్యే రోజుల్లో, వడపళని దగ్గర ఒక రేకుల షెడ్డులో, సినిమా నగలు చేసే వీరాచారి చేతుల్లో పుట్టాను.

నన్ను చేయించింది ‘రేవులమ్మ తల్లి’ అనే భక్తి చిత్రం కోసం. అమ్మవారి వేషం వెయ్యబోయే అలివేణి తల కొలత ఇవ్వడానికి షెడ్డుకు వచ్చింది. వీరాచారి కూర్చున్నచోటు నుంచి లేవలేదు. నడుముకు చెయ్యి ఆనించుకుని ఆవిడను ఎగాదిగా చూశాడు.

“అమ్మవారు నువ్వేనా?” అన్నాడు.

“నాకూ అదే అనుమానమండి బాబూ,” అంది అలివేణి. “డైరెక్టరుగారు పిలిచి చెప్తే, ఇంకో అలివేణి ఎవరన్నా ఉందేమోనని వెనక్కి తిరిగి చూశానండి.”

ఆ ముసలాయన నవ్వాడు. దారం తీసుకుని ఆవిడ తల చుట్టూ జాగ్రత్తగా తిప్పాడు.

ఆయన అడిగినదాంట్లో తప్పేమీ లేదు. అలివేణి పాలకొల్లులో నాటకాలాడుతూ మద్రాసు చేరిన మనిషి. ఎనిమిదేళ్ళుగా ఆవిడకు దొరికినవన్నీ దొంగలముఠా నాయకుడి ఎదట గ్లాసు పట్టుకుని ఆడే క్లబ్బు పాటలే. పోస్టరు మీద ఆవిడ బొమ్మ ఉంటే పెద్దవాళ్ళు పిల్లల్ని అటు చూడనిచ్చేవారు కాదు. తాము మాత్రం చూసేవారు.

ఆవిణ్ణి ఏరికోరి తెచ్చిన దర్శకుడి పేరు పట్టాభిరామయ్య. బక్కపలచటి మనిషి, మెత్తటి గొంతు. ఆ సినిమా కథ ఆయన నాయనమ్మ దంపుడు దగ్గర పాడుకునే పాటలోదట. గోదావరి ఒడ్డున రేవులమ్మ గుడి. అమ్మవారి చీరలు ఉతికే చాకలి పోలికి ఆ గుడి గడప దాటే హక్కు లేదు. వరద వస్తుంది. ఊరివాళ్ళంతా ఎత్తుమీద ఉన్న గుడిలోకి చేరి తలుపులు బిగించుకుంటారు. పోలి, ఆమె వాళ్ళు బయట నీళ్ళలో నిలబడి తలుపులు కొడతారు. ఎవరూ తియ్యరు. అప్పుడు అమ్మవారే పీఠం దిగి, తలుపులు తీసి, కిరీటం గుమ్మం మీద దించేసి, పోలి బిడ్డను చంకనెత్తుకుని వాళ్ళతో వెళ్ళిపోతుంది. మళ్ళీ గుడికి రాదు. పాట అక్కడితో ఆఖరు.

షూటింగు మొదలయ్యే ముందు అలివేణి నలభై రోజులు నీచు ముట్టలేదు, చాపమీదే పడుకుంది. చెయ్యమని ఎవరూ చెప్పలేదు. మొదటిరోజు నన్ను పెట్టుకుని సెట్టు మీదికి వచ్చింది. మొన్నటిదాకా ఆవిడ కనబడితే ఈలలు వేసిన లైట్లవాళ్ళు చెప్పులు బయట విడిచి వచ్చారు. జడలు వేసే ముసలి సూరమ్మ వంగి ఆవిడ కాళ్ళకు దణ్ణం పెట్టింది. అలివేణి ఉలిక్కిపడి రెండడుగులు వెనక్కి వేసింది.

“అయ్యో, నేనే పిన్నీ, అలివేణిని!”

“నాకు తెలుసులే. నువ్వు కదలకు,” అంది సూరమ్మ, మళ్ళీ వంగి.

మనుషుల సంగతి నాకు అప్పటికి బొత్తిగా తెలియదు. గుజ్జుకూ జిగురుకూ ఇంత మహత్తు ఉందా అని మురిసిపోయాను.

ఆఖరి దృశ్యం తియ్యవలసిన రోజు వచ్చింది. సెట్టులో మోకాలి లోతు నీళ్ళు పెట్టారు. చెక్క గుడి, చెక్క తలుపులు. అలివేణి తలుపులు తీసింది. గుమ్మం దగ్గర ఆగింది. రెండు చేతులా నన్ను తల మీంచి తీసింది. అంతే, బిగుసుకుపోయింది.

“నా వల్ల కాదండి,” అంది. “తల్లి కిరీటం గడప మీద ఎలా పెట్టమంటారండీ? చేతులు రావట్లేదండి.”

పట్టాభిరామయ్య పంచె పైకి కట్టుకుని నీళ్ళలోకి దిగి దగ్గరకు వచ్చాడు.

“పెట్టొద్దులేమ్మా. పట్టుకునే ఉండు. అదుగో, పోలి బిడ్డ ఏడుస్తోంది. ఏ చేత్తో ఎత్తుకుంటావో చెప్పు.”

అలివేణి బిడ్డవైపు చూసింది. నావైపు చూసింది. కెమెరా తిరుగుతోందో లేదో కూడా అడగలేదు. నన్ను గుమ్మం మీద దించి, నీళ్ళలోకి దిగి, బిడ్డను ఎత్తుకుని నడిచిపోయింది. కట్ చెప్పడం పట్టాభిరామయ్య మరిచిపోయాడు. రీలు అయిపోయేదాకా కెమెరా నన్ను చూస్తూనే ఉంది.

నిర్మాత గోవర్ధనరావు సెట్టు చివర కుర్చీలో కూర్చుని ఇదంతా చూశాడు. పాన్ నములుతూ, “బావుంది. గొడవవుతుందేమో మాత్రం చూసుకోండి,” అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన మొహంలో దిగులేమీ కనబడలేదు. అది నేను తరవాత గుర్తు చేసుకున్నాను.

సినిమా విడుదలయ్యాక నన్ను రాజమండ్రి తీసుకెళ్ళి ఒక థియేటరు ముందరి హాల్లో అద్దాలపెట్టెలో పెట్టారు. ‘అమ్మవారు ధరించిన కిరీటం’ అని అట్టమీద రాశారు. మొదటి ఆటకే నా ముందు కొబ్బరికాయలు కొట్టారు. అద్దానికి పసుపు రాశారు, కుంకుమ బొట్లు పెట్టారు. కర్పూరం పొగకు ఒకవైపు అద్దం నల్లబడింది. చుక్కల చీర కట్టుకున్న ఒకామె రోజూ వచ్చేది. ఆమె పేరు నాగరత్నమని గేటు దగ్గరి మనిషి పిలుస్తుంటే విన్నాను. కొడుకుకు జ్వరం తగ్గాలని మొక్కింది, తగ్గిందట. నాలో పాత పేపర్లు తప్ప మరేమీ లేవని చెప్పడానికి నాకు నోరు లేదు. చెప్పినా వినేదనుకోను.

సినిమా మాత్రం ఓ మాదిరిగా ఆడింది. ఆడవాళ్ళు ఏడుస్తూ బయటికి వచ్చేవాళ్ళు. మగవాళ్ళు బీడీలు ముట్టించేవాళ్ళు. రెండోవారం జనం పల్చబడ్డారు.

అప్పుడు పేపర్లో ‘ఒక భక్తుడు’ రాసిన ఉత్తరం పడింది. దేవత గుడి విడిచి పోవడమేమిటి, కిరీటాన్ని గడపమీద పెట్టడమేమిటి, క్లబ్బుల్లో అర్ధనగ్నంగా గెంతే ఆడదాని చేత అమ్మవారి వేషం వేయించడమేమిటి, హిందువులకు పౌరుషం లేదా అని అందులో ఉంది. కాఫీ హోటళ్ళలో ఆ ఉత్తరం పైకి చదివారట. సినిమా చూసినవాళ్ళకంటే చూడనివాళ్ళకే కోపం ఎక్కువ వచ్చింది.

ఆ శుక్రవారం మధ్యాహ్నం ఆటకు అలివేణి వచ్చింది. ప్రేక్షకులకు ఒకసారి కనబడి దణ్ణం పెట్టి వెళ్ళమని గోవర్ధనరావు మద్రాసు నుంచి రప్పించాడు. ఉత్తరం సంగతి ఆవిడకు ఎవరూ చెప్పలేదు. తెల్లచీర కట్టుకుని, తలనిండా కనకాంబరాలు పెట్టుకుని, నవ్వుతూ నా అద్దాలపెట్టె పక్కకు వచ్చి నిలబడింది. పెట్టె మీద బొట్లు చూసి, “నీకు నాకంటే మంచి రోజులొచ్చాయే,” అంది నాతో, మెల్లగా.

ముందు గేటు దగ్గర కేకలు వినిపించాయి. తరవాత గేటు పడిపోయింది. హాలు నిండా మనుషులు. మొదటి వరసలో నాగరత్నం ఉంది. అలివేణి ఆమెను చూసి, అలవాటుగా చేతులు జోడించింది.

“మా చేత ఎవరి కాళ్ళు మొక్కించావే?” అని అరిచింది నాగరత్నం. ఆమె కళ్ళనిండా నీళ్ళు. “నా బిడ్డ పేరు చెప్పి మొక్కుకున్నానే నీకు! నీకా మొక్కింది?”

ఆమె చేతిలో కొబ్బరికాయ ఉంది. నాకు కొట్టడానికి రోజూ తెచ్చేలాంటిదే. అది విసిరింది. నా పెట్టె భళ్ళున పగిలింది. గాజుపెంకు ఒకటి ఎగిరి అలివేణి నుదుటిని చీరింది. ఎర్రటి ధార కనుబొమ మీదుగా చీర మీదికి కారింది. అది చూసి నాగరత్నమే అందరికంటే ముందు కొయ్యబారిపోయింది. చేయి ఇంకా గాలిలోనే ఉంది. కానీ వెనకవాళ్ళకు ఆమె మొహం కనబడదుగా. వాళ్ళు తోసుకొచ్చారు. నేను కిందపడ్డాను. ఒక కాలు నా మీద పడింది, మరో కాలు పడింది. దేవత కిరీటాన్ని గడపమీద పెట్టారని మండిపడి వచ్చినవాళ్ళు నన్ను తొక్కుతున్న సంగతి వాళ్ళలో ఒక్కరికీ తట్టలేదు.

అలివేణి ఆ తొక్కిసలాటలో వంగి నన్ను తీసి కొంగులో చుట్టుకుంది. థియేటరు మేనేజరు ఆవిడ చెయ్యి పట్టుకుని మెట్లమీదుగా పైకి లాక్కుపోయి, తన గదిలో కూర్చోబెట్టి, దూది తేవడానికి పరుగెత్తాడు.

పక్కగదికి మధ్య చెక్క అడ్డు ఒక్కటే. అవతల గోవర్ధనరావు ఫోనులో మాట్లాడుతున్నాడు. గొంతులో హుషారు పొంగిపోతోంది.

“గేటు విరిగిందయ్యా! సాయంత్రం ఆటకి ఇప్పట్నుంచే నిలబడ్డారు. మొదటి ఉత్తరం దివ్యంగా పారింది. రెండోది నేను చెప్తా, రాసుకో. కిందటిసారి ఒక భక్తుడు కదా, ఈసారి ఒక హిందూ స్త్రీ అని పెట్టు...”

కొంగు మడతల్లో ఉన్న నాకు ఆవిడ ఊపిరి ఆగడం తెలిసింది. ఆవిడ లేచి అడ్డు దాటి వెళ్ళి ఆయన ముందు నిలబడింది. నెత్తురు ఇంకా కారుతోంది.

“మీరాండి రాసింది?”

గోవర్ధనరావు ఫోను పెట్టేశాడు. ఒక్క క్షణం తడబడ్డాడు. అంతలోనే సర్దుకున్నాడు.

“ఇదిగో చూడమ్మాయ్, ఇందులో నీకూ మేలే. ఇవాళ ఊళ్ళో నీ పేరు తెలియనివాడు లేడు. ఆ దెబ్బ మాత్రం అనుకోలేదు. పాపం, బాగా తగిలిందా?”

“నలభై రోజులు చాపమీద పడుకున్నానండి,” అంది అలివేణి. ఆ ముక్కకు అర్థం ఆయనకు తెలిసిందో లేదో నాకు తెలియదు. ఆయన జేబురుమాలు తీసి ఇచ్చాడు. ఆవిడ పుచ్చుకోలేదు. నన్ను ఆయన బల్లమీద పెట్టి బయటికి వెళ్ళింది.

రగిల్చినవాడి అదుపులో నిప్పు ఉండదు కదా. మూడు జిల్లాల్లో ఊరేగింపులు బయలుదేరాయి, రెండు థియేటర్లలో కుర్చీలు తగలబడ్డాయి. గోవర్ధనరావు హడలిపోయాడు. క్షమాపణ ప్రకటించి, ఆఖరి దృశ్యం మార్చేస్తానన్నాడు. పట్టాభిరామయ్య కాళ్ళావేళ్ళా పడ్డాడు. “ఆ ఒక్క ముక్క కోసమే కదండీ మిగతాదంతా తీశాను,” అన్నాడు. వినిపించుకోలేదు. నా సొట్టలు సరిచేయించి, కొత్త తగరం అంటించి, అదే చెక్కగుడిలోకి తీసుకెళ్ళారు. అలివేణి రానంది. వేరొకామెకు నన్ను పెట్టి వెనకనుంచి తీశారు. ఈసారి అమ్మవారు పీఠం దిగలేదు. లోపలినుంచే చెయ్యెత్తింది, వరద తగ్గింది. తలుపులు మూసే ఉన్నాయి. పోలి బయటే మోకరిల్లి దణ్ణం పెట్టింది.

ఆ సినిమా నూరురోజులు ఆడింది.

పాత దృశ్యం నెగటివు ఏమైందో తెలియదు. పట్టాభిరామయ్య మరో సినిమా తియ్యకుండానే, ఏలూరులో తమ్ముడి ఇంట్లో పోయాడని విన్నాను. ఇక అలివేణిని భక్తి చిత్రాలవాళ్ళు, క్లబ్బు మనిషి కదా అని వేషాలకు పిలవలేదు. క్లబ్బు పాటలవాళ్ళు, “అమ్మవారి వేషం వేసిందండీ, గెంతితే చూడబుద్ధి కాదు,” అని పిలవలేదు. మనుషులు ఒక ఆడదానికి ఇన్నివైపుల నుంచి ఒకేసారి తలుపులు వెయ్యగలరని నాకు అప్పటిదాకా తెలియదు. ఆవిడ మద్రాసు వదిలి వెళ్ళింది.

నేను వేషాలు అద్దెకిచ్చే కొట్టుకు చేరాను. అచ్చిరాని కిరీటమని పేరుపడి, పద్దెనిమిదేళ్ళు గోనెసంచిలో ఉన్నాను. కొట్టు చేతులు మారి, నాతోపాటు రాజమండ్రికి తరలివచ్చింది.

ఒక ఉదయం నుదుటిమీద వంకరమచ్చ ఉన్న ఒక నెరిసిన తల ఆ సంచిలోకి వంగింది.

“ఇది ఒక్కరోజుకి కావాలండి,” అంది అలివేణి.

పాలకొల్లు దగ్గర ఒక పల్లెలో, చాకలిపేట పక్కన బడి ఉంది. ఆవిడ అక్కడ ఆడపిల్లలకు కుట్టుపని నేర్పుతోంది. బడి వార్షికోత్సవానికి ఏదైనా ఆడమని మాస్టార్లే అడిగారట. మిట్టమధ్యాహ్నం, ఆవరణలో తాటాకు పందిరి కింద, రెండు బల్లలు చేర్చి గుడి అన్నారు. ఒక పీట వేసి గుమ్మమన్నారు. అలివేణి ఒక్కతే అన్ని వేషాలూ వేసింది. పోలి ఆవిడే, తలుపులు మూసినవాళ్ళూ ఆవిడే. గొంతు కాస్త బొంగురుపోయింది, మోకాళ్ళు నొప్పులు. నేను ఆవిడ తలమీద కూర్చుని జనాన్ని చూస్తున్నాను. ఎవరి చేతిలో ఏముందోనని ఒక్కొక్క చెయ్యీ వెతుకుతున్నాను.

ఆవిడ పీట దగ్గరకు వచ్చింది. నన్ను తీసింది. దించింది. ముందు వరసలో చంటిబిడ్డతో కూర్చున్న ఒకామెవైపు రెండు చేతులూ చాచింది.

ఆ తల్లి కాసేపు ఆవిడ నుదుటి మచ్చకేసి చూసింది. తరవాత లేచి, బిడ్డను ఆ చేతుల్లో పెట్టింది.

అలివేణి బిడ్డను చంకనెత్తుకుని పందిరి దాటి నడిచింది. నాటకం అక్కడితో అయిపోవాలి, చప్పట్లు కొట్టాలి. ఎవరూ కొట్టలేదు. ఆ తల్లి బిడ్డ వెనకాల నడిచింది. ఆమె అత్త లేచింది. పక్కనున్న ఇద్దరు లేచారు. తరవాత వరసలకు వరసలు లేచి, చెప్పుల చప్పుడు తప్ప మరే చప్పుడూ లేకుండా, ఆవిడ వెంట చాకలిపేట దారి పట్టాయి. పెద్ద మాస్టారు కూడా, “ఏమైందమ్మా, ఎక్కడికి?” అంటూనే లేచి వెంట వెళ్ళాడు.

నన్ను మొక్కారు, నన్ను తొక్కారు, తగరం అంటించి మళ్ళీ మొక్కారు. ఆరోజు మాత్రం అంతమందిలో ఒక్కరూ నావంక చూడలేదు. పందిరి కింద ఖాళీ చాపలు, పీట, పీట మీద నేను. దూరాన ఆ బిడ్డ ఎందుకో కిలకిలా నవ్వడం వినబడింది.