పొయ్యి వీధి వైపు

“గ్లాసులు కడిగి అట్టుకురా, ఇంకా మనుసులొచ్చేరు,” అన్నాడు మొగుడు పరదేశి, తల తిప్పకుండానే. గంగాభవాని బడి వెనక కుళాయి దగ్గర గొంతుక్కూర్చుని అప్పటికే గ్లాసులు కడుగుతోంది. చెవులు మాత్రం వరండాలోని మీటింగు మీదే ఉన్నాయి. అచ్యుతాపురం కంపెనీల కోసం పొలాలు పోయాయి, ఇప్పుడు ఊరూ పోతోంది. రోడ్డవతల కొత్త కాలనీలో ఇంటింటికీ స్థలం ఇచ్చారు. ఆ ఇళ్ళు ఎలా ఉండాలో అడగడానికి విశాఖపట్నం నుంచి ప్లాన్లు గీసే ఆఫీసు వాళ్ళు వచ్చారు. అందరికీ ఒకే మూసలో పోసి కట్టడం వాళ్ళ పద్ధతి కాదట. ఉండేవాళ్ళే నేల మీద నిజం కొలతల్లో ఇల్లు గీయాలట, అందులో నడిచి చూసుకోవాలట. గీసేది ఆడవాళ్ళయితే మంచిదని వాళ్ళలో పెద్దావిడ జ్యోతిలక్ష్మి అనగానే మగవాళ్ళందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

“ఆడోల్లనేటి అడుగుతారు మేడమ్. పొయ్యి ఎక్కడెట్టమంటే అక్కడెట్టుకుంటారు,” అన్నాడు పరదేశి. అందరూ నవ్వారు. గ్లాసులు పట్టుకొచ్చిన భవాని కూడా నవ్వింది. పదిమంది నవ్వినప్పుడు తనూ నవ్వడం ఆమెకు అలవాటు, నవ్వు తన మీదైనా సరే.

ఆమె నడుముకు ఒక పాత తుండు ముడివేసి ఉంది. దాని రెండో కొస ఆమె చంటి కూతురి నడుముకు ఉంది. ఇంట్లో అయితే ఆ కొస వంటపాక గుంజకి ఉంటుంది. ఎసరు పెట్టినా, చేపలు కడిగినా, బట్టలు ఉతికినా పాప ఆ తుండు ఎంత సాగితే అంతే తిరుగుతుంది. ఒరుసుకుని ఒరుసుకుని ఆ లేత నడుం చుట్టూ నల్లటి చార పడింది. “మేకపిల్లని కట్టినట్టు కట్టేత్తాది మా కోడలు,” అని అత్త అప్పలకొండమ్మ వచ్చిన వాళ్ళందరికీ చూపిస్తుంది. విప్పి కాసేపు ఎత్తుకుంటానని మాత్రం ఎప్పుడూ అనదు.

పాపకు ముందు కొడుకు నూకరాజు. వాడికి అప్పుడే నడక వచ్చింది. చెరకు నరికే మనుషులకు భవాని వెనక పాకలో అన్నం వారుస్తూ ఉండగా, వాడు వీధి వాకిట్లో గేదె కుడితి తొట్టిలోకి తలకిందులుగా పడిపోయాడు. వంటపాకకీ వాకిలికీ మధ్య రెండు గోడలు. ఏడుపు వినిపించలేదు, వాడు ఏడవనే లేదేమో. ఆసుపత్రికి చేర్చేసరికే ప్రాణం లేదు. ఆ తర్వాత ఎవరూ ఆమెను కొట్టలేదు, తిట్టలేదు. పరదేశి ఒక్క మాటే అన్నాడు, “ఇంట్లోనే ఉండి ఏటి సేత్తన్నావే?” ఆ మాట ఆమెలో అలాగే ఉండిపోయింది. బియ్యం ఏరుతున్నప్పుడు, అతని కంపెనీ యూనిఫాం ఉతుకుతున్నప్పుడు, ఎవరో ఆమెను పక్కనుంచి అడుగుతున్నట్టే ఉంటుంది, ఏటి సేత్తన్నావే అని. చేస్తున్న పని చేతిలోనే ఉన్నా జవాబు మాత్రం దొరకదు.

మర్నాడు ఆడవాళ్ళందరూ స్థలాల్లో సున్నం బుట్టలతో దిగారు. పొద్దున్నే వాకిట్లో ముగ్గేసే చేతులే కాబట్టి గీతలు చకచకా పడ్డాయి. మధ్యాహ్నానికి జ్యోతిలక్ష్మి ఒక్కో ఇల్లూ చూసుకుంటూ వచ్చి నడుం మీద చేయి వేసుకుని నిలబడిపోయింది. ఒక్క ఇంటికీ తలుపు లేదు.

“లోపలికెలా వెళ్తారమ్మా? గోడ దూకా?”

పక్క స్థలం చిన్నమ్మలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. “గీతకి గీత కలపకుండా ఎలగొదిలేత్తావండీ? సందొదిలితే సెడు లోనకొచ్చేత్తాది,” అంది. అందరూ విరగబడి నవ్వారు. జ్యోతిలక్ష్మీ నవ్వేసింది. గీతలు తెంపక్కర్లేదు, తలుపు కావాల్సిన చోట ఇటుకలు పెట్టండి, పొయ్యి ఉండే చోట ఒక రాయి పెట్టండి అని ఉపాయం చెప్పింది.

భవాని రాయిని వీధి వైపు గదిలో పెట్టింది. దానికి ఎదురుగా, వాకిట్లోకి పెద్ద కిటికీ అని రెండు ఇటుకలు పెట్టింది. రాయి ముందు కూర్చుని చూసింది. వాకిలి మొత్తం కనబడుతోంది. లేచి, చుట్టూ ఒకసారి చూసుకుని, పాప నడుం ముడి విప్పింది. పాప కాసేపు అక్కడే నిలబడింది, తుండు లేదన్న సంగతి అర్థం కానట్టు. తర్వాత గీత దాటి, రోడ్డు వారకు పోయి, వెనక్కి చూసింది. భవాని కూర్చున్న చోటే కూర్చుని లేని గరిటెతో లేని కూర కలుపుతోంది. పాప మళ్ళీ వచ్చి ఒళ్ళో పడేదాకా ఆమె కన్ను ఆర్పలేదు. కానీ లేవలేదు. లేవకుండా ఉండగలిగింది. అంతకంటే ఆ ఇంట్లో ఇంకేమీ అక్కర్లేదనిపించింది.

సాయంత్రం పరవాడ నుంచి కంపెనీ బస్సు దిగి, పరదేశి తన బావ సత్తియ్యతో కలిసి స్థలం చూడటానికి వెళ్ళాడట. ఇంటికొచ్చాక అన్నం తిని పడుకున్నాడు.

తెల్లారాక జ్యోతిలక్ష్మి టేపు పట్టుకుని వచ్చింది. పరదేశి, అప్పలకొండమ్మ ముందే వచ్చి నిలబడ్డారు. భవాని చూసింది. గీతలన్నీ తను గీసినట్టే ఉన్నాయి. ఇటుకలే మారాయి. వీధి వైపు గదికి ఈ చివర నుంచి ఆ చివరకు షట్టరు వచ్చింది. కంపెనీ బస్సులు ఆగే రోడ్డు కదా, కొట్టు గది చేసి అద్దెకిస్తాడట. పొయ్యి రాయి వెనక గదిలో, మూలకి పోయింది.

“నిన్నటి గదులేనా ఇవి?” అని అడిగింది జ్యోతిలక్ష్మి. అన్ని ఇళ్ళు చూసిన మనిషి, ఏ రాయి ఎక్కడుందో ఆవిడకేం గుర్తుంటుంది.

“గీతలన్నీ దాని సేతి గీతలేనండి. నాను సున్నం ముట్టుకోనేదు,” అన్నాడు పరదేశి.

అబద్ధం కాదు. చెడు రాకూడదని సందు లేకుండా తను మూసిన గోడలవి. తలుపు లేని ఇల్లు కాబట్టే అతను ఒక్క గీతా చెరపకుండా దాన్ని అటు తిప్పేశాడు.

“భవానీ, నీకు సరేనా? నువ్వు సరే అంటేనే కొలతలు రాసుకుంటాం.”

ఎనిమిదో తరగతిలో బడి మానమన్నప్పుడు తల ఊపింది. ఈ సంబంధానికి ఊపింది. ఆసుపత్రిలో డాక్టరు, బిడ్డ దగ్గర ఎవరున్నారని అడిగితే అత్త ముందుకొచ్చి, “తల్లి సూసుకోనేదండి,” అంది. అప్పుడూ ఊపింది. మెడ ఇప్పుడు కూడా దానంతటదే వంగబోయింది.

“సరి కాదండి,” అంది.

పరదేశి నవ్వుతూ చుట్టూ చూశాడు. “రేత్రి నిద్దర పట్టనట్టుంది. రాసేసుకోండి మేడమ్.”

“ఈదిలో పొయ్యేటి, మనం ఓటేలెట్టుకున్నామా?” అని అందుకుంది అప్పలకొండమ్మ. “కన్నబిడ్డని సూసుకోనేనిది, గదులు మార్సేత్తే సూసేత్తాదేటి?”

భవాని అత్త వైపు చూడలేదు. మొగుడి వైపు చూసింది.

“ఆ దినం వంటకాడ్నించి నడవలోకొచ్చి కేకేసేను మావా. పిల్లోడు నీకాడికొత్తన్నాడు, సూడు అన్నాను. నువ్వు నైటు డూటీ దిగొచ్చి ఈదరుగు మీద తొంగున్నావు. ఊ అన్నావు.”

పక్క స్థలంలో చిన్నమ్మలు చేతిలో సున్నం అలాగే ఉండిపోయింది. అత్త కొడుకు ముఖంలోకి చూసింది. అతను ఆమెను చూడలేదు, నేలను చూస్తున్నాడు. కాదని ఒక్క మాట అంటాడేమోనని అందరూ ఆగారు. అతను అనలేదు.

ఈ మాట బయటికొచ్చాక ఆ మనుషులతో ఒకే కప్పు కింద ఎలా ఉండాలో, అసలు ఉండనిస్తారో లేదో ఆమెకు తెలియదు. చెప్పకుండా ఉన్నన్నాళ్ళూ ఎలా ఉందో మాత్రం తెలుసు.

“ఇంకొకరి ఊ మీద నా పిల్లనొదల్ను,” అంది జ్యోతిలక్ష్మితో. “కొలవండమ్మా. పొయ్యి ఈది వైపే.”