కెరటం మీద చూసిన అంకెలు

విచారణ అధికారి ఇచ్చిన కాగితం ఇంగ్లీషులో ఉంది. వేలికి సిరా పూసుకున్నాక కూడా జోగయ్య ముద్ర వెయ్యలేదు. కాగితాన్ని కూతురు అనూరాధ ముందుకు జరిపాడు.

"సదువమ్మా."

తొమ్మిది రోజుల కిందట తెల్లవారుతుండగా కళింగపట్నం ఎదర సముద్రంలో ఒక మరపడవ జోగయ్య తెప్పను గుద్ది, ఆగకుండా పోయింది. తెప్ప మీద అతనితో ఉన్న తమ్ముడు సోములు మళ్ళీ తేలలేదు. కెరటం పైకి లేచినప్పుడు జోగయ్య ఆ పడవ నంబరు చూశాడు. నిన్న అధికారికి అదే చెప్పాడు; ఆ వాంగ్మూలమే ఈ కాగితం.

అనూరాధ ఒకచోట ఆగింది. "గ్లింప్స్ అని రాసినారు నాన్నా."

"ఏటి దానర్థం?"

"ఒక్క క్షణం సూడటం. కనబడీ కనబడనట్టు."

"నంబరో?"

"నేదు. తెలీనేదని రాసినారు."

జోగయ్య అధికారి వైపు తిరిగాడు. "నాను నంబరు సెప్పినాను బాబూ."

"క్షణమే కదయ్యా చూశావు? రేపు ఓనరు తరఫు వకీలు అడుగుతాడు, క్షణంలో నంబరెలా తెలిసిందని. నీ కళ్ళలో కెమెరా ఉందా?"

"నేదు. ఉంటే ఈపాటికి ఛార్జింగయిపోను."

అధికారి నవ్వాడు. జోగయ్య నవ్వలేదు.

"ముప్పయ్యేళ్ళుగా నాను ఒడ్డుని సూసేది క్షణమే. కెరటం ఎక్కితే లైట్‌హౌసూ తాడిసెట్లూ ఒక్క వరసలోకొత్తాయి. దిగితే ఏటీ ఉండదు. ఆ సూపు పట్టుకునే రోజూ ఇంటికొత్తన్నాను. అది సాలదంటే ఇన్నాళ్ళూ నాను ఎవులింటికి ఎల్నట్టు?"

"గ్లింప్స్ అనే మాటకి అర్థమే అదయ్యా. కావాలంటే డిక్షనరీ చూసుకో."

"మీ డిక్షనరీ రాసినోడు ఏ కెరటమెక్కినాడు? నీలం పడవ. ముక్కుకాడ కొత్త సెక్క, ఇంకా రంగెయ్యనేదు. మా తమ్ముడి సెయ్యి ఆ సెక్కకే తగిలింది. అదీ క్షణమే."

"సంతకం చోట వేలుముద్ర వెయ్యి. సాయంత్రానికి రిపోర్టు పోవాలి."

"ఆ మాట ఏడుందమ్మా?"

అనూరాధ చూపించింది. జోగయ్య బొటనవేలు దాని మీద పెట్టి రుద్దాడు. మాటతో పాటు పైనున్న వరసా కింద వరసా నల్లగా అలికిపోయాయి.

"కాగితం పాడుచేశావు," అన్నాడు అధికారి.

"మల్లా రాయండి. తెలుగులో రాయండి. సూసినాడు అని రాయండి." జోగయ్య కుర్చీ లాక్కుని, ఎవరూ చెప్పకుండానే కూర్చున్నాడు. "నంబరు సెప్తన్నాను, ఒక్కో అంకే రాసుకోండి. నాలుగు."

అధికారి పెన్ను తియ్యలేదు.

"నాలుగు," అన్నాడు జోగయ్య.