కలపకండి

భర్త చొక్కా కాలరుకు సబ్బు రుద్దుతూ, స్టూలు మీద ఆనించిన ఫోన్లో కామెంట్లు చదువుకుంటోందామె. "అన్నయ్యా, మీ చిట్కా అద్భుతం." "అన్నయ్యా, వదిన ఎంత అదృష్టవంతురాలో!"

మరకలు వదిలించే ఆ యూట్యూబ్ ఛానెల్లో ఆ అన్నయ్య, అంటే ఆమె భర్త, చేసేదల్లా ఆదివారం కాఫీ తాగాక ఆమె రాసిచ్చింది మైకులో చదవడం. చూసేవాళ్లు ఏం అడుగుతున్నారో గమనించడం, పదిచోట్ల వెతకడం, దొరికిన చిట్కాని పాత దిండు గలీబు మీద ప్రయత్నించడం, డబ్బాల వెనక చీమల్లాంటి అక్షరాలు చదవడం, అప్పటికీ అనుమానం తీరకపోతే మందుల షాపావిణ్ణి విసిగించడం, అన్నీ ఆమె పనులే. వీడియోలో కనబడే చేతులూ ఆమెవే. "పొద్దస్తమానం ఆ ఫోనేనా?" అంటుంది అత్తగారు. గొంతు వద్దన్నదీ ఆవిడే. "ఇంటి కోడలి గొంతు ఊరంతా వినాలా?" భర్త నవ్వాడు. "నీది గొంతా, కుక్కర్ విజిలా? నేను చదువుతాలేవే."

తర్వాతి కామెంటు దగ్గర రుద్దుతున్న చెయ్యి ఆగిపోయింది. "అన్నయ్యా, మీరు చెప్పినట్టే బ్లీచు నీళ్లలో వెనిగర్ కలిపాను. ఊపిరాడక పాపనెత్తుకుని బయటికి పరిగెత్తాను."

తడి చేతుల్తోనే వీడియో పెట్టి విన్నది. ఆమె రాసింది 'కలపకండి' అని. భర్త గంభీరంగా 'కలపండి' అన్నాడు. ఒక్క 'క' మింగేశాడు. హాల్లో టీవీ మోతలో సరిగా వినబడకుండానే తనూ దాన్ని బొమ్మలకి అతికించేసింది.

ముందుగా ఆ వీడియో తీసేసింది. పాప ఎలా ఉందని అడిగింది. బాగానే ఉందని జవాబొచ్చాక హాల్లోకి వెళ్లి భర్తకి సంగతి చెప్పింది.

"నీ కోడిగీతలు ఎవడికి అర్థమవుతాయి?" అన్నాడు భర్త. "తీసేశావుగా, వదిలెయ్."

"ఇప్పటికే చూసినవాళ్లకి చెప్పాలి కదండీ."

"తప్పు చదివానని నేనే చాటుకోవాలా? పరువు పోదూ! వచ్చే ఆదివారం చూద్దాంలే."

ఆదివారం దాకా ఎన్ని ఇళ్లలో ఎంతమంది బకెట్ల ముందు కూర్చుంటారో. అతని పరువుకి ఆదివారం దాకా గడువుంది, వాళ్ల ఊపిరికి లేదు.

స్నానాల గదిలోకి వెళ్లి గడియ పెట్టుకుంది. చొక్కా నురగలోనే ఉంది. ఫోన్ తన ముఖం వైపు తిప్పి రికార్డు నొక్కింది. గొంతు నిజంగానే కీచుగా వచ్చింది.

"కలపకండి. బ్లీచులో వెనిగర్ కలపకండి. పోయిన వీడియోలో తప్పు చదివారు. ఈ చిట్కాలు రాసేది నేను. ఇకనుంచి చదివేదీ నేనే."

"లోపల ఎవరే మాట్లాడేది?" తలుపవతల నుంచి భర్త అరిచాడు.

ఆ ప్రశ్నని కోసెయ్యకుండా, వీడియో ఉన్నదున్నట్టు పెట్టేసింది.