గల్ హార్బర్ రాతి మీద మాట

ప్రభుత్వం మా ఊరు గల్ హార్బర్‌ను ఖాళీ చేయించి యాభై ఏళ్లయింది. ఆ పాడుబడిన రేవులో ఒక రాయి నిలపాలని మా కమిటీ తీర్మానించి, దాని మీద చెక్కవలసిన వాక్యం కోసం చలికాలమంతా కూర్చుంది. మార్చి నాటికి ఎవరికీ ఓపిక లేదు. నాకు మరీ లేదు.

అధ్యక్షుడు లియాండర్ పార్డీ కాగితం చూసి చదివాడు: "ఇళ్లు కోల్పోయిన కుటుంబాల స్మృత్యర్థం."

"ఇళ్లు ఎవరు కోల్పోయారు, లియాండర్? నిన్న నువ్వు కేకు తిన్న ఇల్లు ఎక్కడిది?" అన్నాను.

"గల్ హార్బర్‌దే, ఫిలొమీనా అత్తా."

మేమందరం అలాగే వచ్చాం. ఇళ్లను దుంగల మీద నీటి అంచుదాకా దొర్లించి, చుట్టూ ఖాళీ పీపాలు కట్టి, పడవలతో లాగి అఖాతం దాటించాం. మా అమ్మ సాసర్లు అల్మారాలోనే ప్రయాణించాయి, ఒక్కటీ పగలలేదు. పోగొట్టుకోవడంలో అజాగ్రత్త ఉంటుంది, కోల్పోవడంలో విధి ఉంటుంది. రెండింటిలోనూ చేసినవాడు కనిపించడు. ప్రభుత్వాలకు ఆ మాటలంటే ఇష్టం అందుకే.

"పోనీ 'ఊరు విడిచిపెట్టిన' అందామా?" అంది కార్యదర్శి సెలెస్టీన్, టీ పోస్తూ.

"అక్కర్లేనిదాన్ని విడిచిపెడతాం. మా అమ్మ బతికినన్నాళ్లూ గల్ హార్బర్ వైపు కిటికీకి తెర వేయలేదు."

"అయితే 'లాక్కున్నారు' అని రాసేద్దాం. వాళ్లకు సిగ్గూ వస్తుంది, మనం ఇంటికీ పోవచ్చు," అంది సెలెస్టీన్.

లియాండర్ తల ఎత్తలేదు. ఎందుకో మాకు తెలుసు. ప్రభుత్వం ఎవరి మీదా చేయి వేయలేదు. దాదాపు అన్ని ఇళ్లవాళ్లూ ఊరు వదులుతామని సంతకం చేస్తేనే ఎవరికైనా పరిహారం అంది. ఆ పైన ఒత్తిడి తెచ్చే పని ఇరుగుపొరుగు వాళ్లే చూసుకున్నారు. మా అమ్మ సంతకం పెట్టేదాకా మా వంటింట్లో సాయంత్రాలు కూర్చున్నది లియాండర్ తండ్రి. మాకు ఏటా ఉప్పుచేపలు పంపిన మనిషి. అది లాక్కోవడం కాదు, సాధించి ఒప్పించడం.

"చెప్పేయండి అత్తా," అన్నాడు లియాండర్. "మా నాన్న పేరు చెక్కించాలా?"

చెక్కించాలనే ఉంది. కాని గల్ హార్బర్ కొండ మీద సమాధిలో మా తమ్ముడు ఆంబ్రోస్ ఉన్నాడు, ఆరేళ్లవాడు. అక్కడున్నన్నాళ్లూ ప్రతి ఆగస్టులో మేమంతా కొడవళ్లు పట్టుకుని సమాధుల మీద గడ్డి కోసేవాళ్లం. ఇవతలికి వచ్చాక మా అమ్మ ఒక్క వేసవి మాత్రమే అఖాతం దాటగలిగింది. రాతి మీద చోటు కొద్దిగానే ఉంది. ఆ ముసలాయనకు ఇస్తే ఆంబ్రోస్‌కు మిగలదు.

"రాసుకో," అన్నాను. "ఇళ్లను తీసుకువచ్చాం. సమాధులను తీసుకురాలేకపోయాం. దాని కింద, అక్కడ ఉన్నవాళ్ల పేర్లు."

లియాండర్ రాసి, తనలో తాను చదువుకున్నాడు.

"ఇందులో మా నాన్న తప్పేమీ కనిపించదు," అన్నాడు మెల్లగా.

"రాతి మీద కనిపించదు. ఇక పేర్లు చెబుతాను, రాసుకో."