కుడి చంక కింద కుట్టు

కోటు మళ్లీ చిరిగింది. ఇది మూడోది. మళ్లీ అక్కడే, కుడి చంక కింద, అరచేతి పొడవున. ఆమె బొమ్మ ఒంటి మీంచి కోటు విప్పి, తిరగేసి, కిటికీ వెలుతుర్లో పట్టుకుని చూసింది. దారం తెగలేదు. దారం పక్కన గుడ్డే విడిపోయింది. మొదటి కోటుకి కుట్టు విడిపోయిందని రెండోదానికి జంటకుట్టు వేసింది. అదీ పోయిందని మూడోదానికి లోపల పట్టీ పెట్టి మూడు వరసలు కుట్టింది. కుట్టు గట్టిపడినకొద్దీ గుడ్డ ఓడిపోతోంది. ఇరవై రెండేళ్లుగా మిషను తొక్కుతున్న మనిషికి ఇంతకంటే నామోషీ ఏముంటుంది?

"నాలుగున్నర అడుగుల బొమ్మకి కోటు కుట్టడం రాదు గానీ, పెద్ద పనిమంతురాలినని పోజు," అన్నాడు భర్త పొద్దున బూట్లు తొడుక్కుంటూ. "గురువారం తనిఖీకి కంపెనీ ఆవిడ వస్తోంది. గుర్తుందిగా?"

గుర్తు లేకేం. నాలుగు రోజులుగా ఆమెకి గుర్తున్నది అదొక్కటే.

బొమ్మ అని వాళ్లింట్లో అంటారు గానీ అది రోబో. నడుస్తుంది, వంగుతుంది, ట్రేలో మందులూ మంచినీళ్లూ పెట్టుకొచ్చి అందిస్తుంది. వయసు మీద పడినవాళ్లు ఉండే కేంద్రాలకి వీటిని పంపే కంపెనీ ఒకటుంది. ఉత్త ప్లాస్టిక్ ఒంటితో ఎదురుపడితే పెద్దవాళ్లు జడుసుకుంటున్నారని వాటికి బట్టలు కుట్టేవాళ్ల కోసం వెతికింది. ఆ పని ఈమె చేతికి వచ్చింది. వచ్చినప్పుడు ఎంత సంబరపడిందో! ఇన్నేళ్లూ మనుషులకి కుట్టింది. పొట్ట దాచమన్నవాళ్లకి దాచింది, భుజాలు లేనివాళ్లకి తెచ్చిపెట్టింది. బొమ్మకి అలాంటి పేచీలు లేవు. దాని పేచీలు వేరు. ఛాతీ మీది రెండు కెమెరాలు కప్పకూడదు. వీపులోంచి వేడిగాలి వస్తుంది కాబట్టి అక్కడ వల లాంటి గుడ్డ వేయాలి. నడుము దగ్గర చార్జింగు మూతకి చిన్న కిటికీ ఉంచాలి. మోచేతి మడతలో గుడ్డ ఇరుక్కుంటే మోటారు కాలిపోతుంది. మొదట దేని ఆధారంతో కత్తిరించాలో తెలియక, పదకొండేళ్ల కూతురి స్కూలు చొక్కాని కాగితం మీద పరిచి గీసుకుంది. ఇద్దరిదీ దాదాపు ఒకే ఎత్తు. తర్వాత ఒక్కొక్క అంగుళం మార్చుకుంటూ తనకంటూ ఒక కొలత తయారుచేసుకుంది. దాన్ని ఎవరూ నేర్పలేదు. ఎక్కడా దొరకదు కూడా.

విజిటింగ్ కార్డు మీద మాత్రం చీఫ్ డిజైనర్ అని భర్త పేరు అచ్చయింది. ఆయనకి సూదిలో దారం ఎక్కించడం రాదు. "మరి నా పేరు?" అని ఆమె మాట వరసకి అడిగితే, "ఇంట్లో కూర్చుని కుట్టేదానికి కార్డెందుకే? ఎవరికిస్తావు, పొయ్యికిస్తావా?" అని నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. ఆయన జోకులేసినప్పుడు నవ్వేయడం మంచిదని ఆమెకి చాలాకాలం కిందటే తెలిసింది.

కంపెనీ ఒక బొమ్మని నెల రోజులు వాళ్లింట్లో వదిలింది. ఇంట్లో మనుషులు ఎలా మసలుతారో చూసి అది నేర్చుకుంటుందట, ఆ కదలికలకి బట్ట తట్టుకోవాలట. అన్నట్టుగానే వారం తిరిగేసరికి, ఆమె కూర తరుగుతుంటే పక్కన నిలబడి తల ఓ పక్కకి వాల్చేది. ఆమె నడుము మీద చెయ్యి వేసుకుంటే అదీ వేసుకునేది. తమాషాగా ఉండేది. కంపెనీ ఇచ్చిన కాగితంలో దాని చేతులు ఎంతవరకు లేవాల్సి ఉంటుందో రాసి ఉంది. ట్రే అందించేదానికి భుజం ఎత్తు దాటే అవసరం లేదు. ఆ కాగితాన్ని నమ్మే ఆమె చంక దగ్గర బిగుతుగా కత్తిరించింది. భుజం దాటని చెయ్యి చంక కింద గుడ్డని ఎలా చింపుతుంది? దర్జీకి చిరుగు అబద్ధం చెప్పదు. మోకాలి మీద చిరిగితే పడ్డట్టు, జేబు మూలన చిరిగితే ఏదో బరువు మోసినట్టు. చంక కింద, వీపు వైపుకి ఏటవాలుగా చిరిగిందంటే చెయ్యి పైకి లేచి, అడ్డంగా మొహం ముందుకి వచ్చినట్టు. మరి బొమ్మ అలా ఎందుకు ఎత్తుతుంది? ఎప్పుడు ఎత్తుతోంది? రోజంతా దాని పక్కనే ఉంటుందే, ఒక్కసారి కూడా తన కంట పడలేదే?

సాయంత్రం ఆయన వచ్చాడు. ఆయన రాకని ముందు తలుపు చెబుతుంది. మామూలుగా మూసుకుంటే రోజు బాగా గడిచిందని, గోడ అదిరేలా పడితే బాగా గడవలేదని. ఆ రోజు గోడ అదిరింది. ఆమె తేరుకుని చేతిలో కత్తెర బల్ల మీద పెట్టేసరికి వెనకనుంచి కూతురు కిలకిల నవ్వింది.

"అమ్మా, బొమ్మ అచ్చం నీలాగే చేస్తోంది!"

"ఏం చేస్తోంది?"

"ఇలా." పిల్ల కుడి మోచెయ్యి ఎత్తి మొహానికి అడ్డం పెట్టుకుంది. "తలుపు చప్పుడైనప్పుడల్లా ఇద్దరూ ఒకేసారి చేస్తారు. నువ్వు చూడలేదా?"

చూడలేదు. ఎలా చూస్తుంది? బొమ్మ చెయ్యెత్తే ఆ క్షణంలో ఆమె కళ్లు తన మోచేతి వెనకే ఉంటాయి. ఆమె లోపలి గదిలోకి వెళ్లి అలమారు తెరిచి తన జాకెట్లు ఒక్కొక్కటే తిరగేసింది. అన్నిటికీ కుడి చంక కింద చిన్న పలకముక్క, నాలుగు మూలల గుడ్డ అతుకు, ఉంది. తనే వేసుకుంది. చెయ్యెత్తితే పట్టెయ్యకుండా ఒదులుగా ఉంటుందని. ఎడమ వైపు దేనికీ లేదు. ఎడమ వైపు ఎందుకు వేసుకోలేదో, కుడి వైపుకే ఎందుకు కావలసి వచ్చిందో ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా తనని తాను అడగలేదు.

ఆయన ఆమె మీద చెయ్యి చేసుకున్నది మూడుసార్లు. పెళ్లయిన కొత్తలో రెండు, పిల్ల కడుపులో ఉండగా ఒకటి. అత్తగారు బతికుండగా ఆమెని దగ్గర కూర్చోబెట్టుకుని, "మూడుసార్లేగా అమ్మాయ్. మీ మామగారివి లెక్కపెట్టాలంటే నాకు వేళ్లు చాలేవి కావు," అని ఊరడించింది. పాపం, ఆవిడ నిజంగానే ఊరడించాననుకుంది. ఆయన కూడా ఎవరి దగ్గరైనా మాట వస్తే, "పదకొండేళ్లయింది, దీని మీద చెయ్యి వేస్తే ఒట్టు," అంటాడు. నిజమే. తలుపుల మీద వేస్తాడు, కంచాల మీద వేస్తాడు, బల్ల మీద అరచెయ్యి పడేలా వేస్తాడు. ఆమె మీద వెయ్యడు. పదకొండేళ్లు తాకని చేతికి రోజూ భయపడుతున్నానని ఎవరితో చెబితే నవ్విపోరూ? అందుకే చెప్పలేదు. తనకి తాను కూడా చెప్పుకోలేదు. ఇప్పుడు హాల్లో ఓ బొమ్మ నిలబడి చెబుతోంది.

బుధవారం మధ్యాహ్నం ఆయన కూడా చూశాడు. ఫోనులో ఎవరితోనో పడలేదు, దాన్ని సోఫాలోకి విసిరి బీరువా తలుపు ధడేల్మనిపించాడు. మొహం మీంచి చెయ్యి దించుకున్న ఆమెకి, ఆయన బొమ్మవైపే చూస్తూ నిలబడి ఉండటం కనిపించింది. బొమ్మ ఇంకా చెయ్యి దించలేదు. ఆయన దాన్ని చూశాడు, ఆమెని చూశాడు. ఏమీ తెలియనివాడు కాదు. అరుస్తాడనుకుంది. అరవలేదు. గొంతు తగ్గించాడు. అరుపు కంటే అదే ఆమెకి ఎక్కువ భయం.

"దీనికిది ఎవరు నేర్పారు?"

"నాకేం తెలుసండీ."

"చెయ్యి లేవకుండా కుట్టు. లోపల ఏదైనా పెట్టి బిగించు. రేపు ఆవిడ ముందు ఇది ఈ వేషం వేసిందంటే..."

ఆయన అక్కడ ఆపేశాడు. చెప్పి ఊరుకునే మాటలైతే ఆమె విని ఊరుకునేది. ఆపేసిన మాటని మిగతా రోజంతా తనే పూర్తిచేసుకోవాలి, ఒక్కోసారి ఒక్కోలాగ.

ఆమె కూర్చుని కుట్టింది. అరంగుళం వెడల్పు నాడా తీసుకుని, ఒక కొస కుడి చేతి గొట్టంలో, రెండో కొస నడుము పట్టీలో కుట్టి, మీద లోగుడ్డ వేసి మూసేసింది. బయటికి ఏమీ కనపడదు. ట్రే అందించేంత వరకు చెయ్యి లేస్తుంది, ఆపైన లేవదు. పని చాలా శుభ్రంగా వచ్చింది. నాలుగో కోటు బొమ్మకి తొడిగి, చూద్దామని తనే వెళ్లి తలుపు గట్టిగా వేసింది. కావాలని ఆ తలుపు ఆమె గట్టిగా వెయ్యడం అదే మొదటిసారి.

బొమ్మ చెయ్యి లేవబోయింది, నాడా ఆపింది. బొమ్మ మళ్లీ ప్రయత్నించింది. భుజంలో మోటారు సన్నగా మూలిగింది. చెయ్యి పైకి రాదు, కిందికి దిగదు, కోటులోపల గజగజ వణుకుతోంది. మొహం మాత్రం ఎప్పటిలాగే ఉంది. ట్రే అందించేటప్పుడు ఎలా ఉంటుందో అలాగే. ఆమె పరుగున వెళ్లి రెండు చేతులతో ఆ చేతిని పట్టుకుంది, వణుకు ఆగేదాకా వదల్లేదు. ఎవరైనా చూస్తే పిచ్చిదనుకుంటారు.

అప్పుడే పిల్ల స్కూలునుంచి వచ్చింది. సంచీ ఓ మూలన, బూట్లు ఓ మూలన పడేసి, ఒంటి మీది చొక్కా విప్పి ఆమె ఒళ్లోకి విసిరింది. "మళ్లీ చిరిగిందమ్మా. నువ్వు కుట్టిన చోటే. నన్ను తిట్టకు, నేనేం ఆటలాడలేదు," అంటూ వేరే చొక్కా కోసం లోపలికి పోయింది. ఎదిగే పిల్ల కదా అని ఆమె ఎన్నాళ్లుగానో దాని చొక్కాలకి అతుకులు వేస్తూనే ఉంది. ఎదిగితే బొత్తాల దగ్గర బిగుస్తుంది, చేతులు పొట్టివవుతాయి. చొక్కా తిరగేసి చూసింది.

కుడి చంక కింద. వీపు వైపుకి, ఏటవాలుగా.

ఆయన పిల్లని ఏనాడూ పల్లెత్తు మాట అనలేదు. బంగారు తల్లీ అని తప్ప పిలవడు. ఆ ధైర్యంతోనే ఇన్నేళ్లూ ఆమె ఈ ఇంట్లో అన్నం తిని నిద్రపోయింది. నా దాకా ఎలాగైనా ఫరవాలేదు, పిల్ల జోలికి పోవడం లేదు కదా అని. నిన్న బొమ్మని అనుకరిస్తున్నానని మోచెయ్యి ఎత్తినప్పుడు పిల్ల ఒక్క క్షణం కూడా ఆలోచించలేదని, ఎన్నోసార్లు చేసిన పనిలా చెయ్యి దానంతటదే లేచిందని అప్పుడు ఆమెకి గుర్తొచ్చింది. తమ ఇద్దరినీ ఆ మోచేతి సందులోంచే చూసి ఉంటుంది. భయమేసింది. ఆయన్ని చూసి వేసే భయం కాదు. ఇది వేరు.

పిల్ల వచ్చి పక్కన కూర్చుని లెక్కలు చేసుకుంటుండగా ఆమె నాలుగో కోటు లోగుడ్డ విప్పింది. నాడా రెండు కొసలూ కోసి పారేసింది. చంక దగ్గర కుట్టు ఊడదీసి, మిగిలిన గుడ్డలోంచి పలకముక్క ఒకటి కత్తిరించి అక్కడ అతికింది. సూది రెండుసార్లు వేలికి గుచ్చుకుంది. ఆయన అడిగితే ఏం చెప్పాలో అనుకుంటూనే కుట్టింది. ఆయన అడిగింది ఒకటే మాట, రాత్రి కంచం ముందు కూర్చుంటూ. "అయిందా?"

"అయింది," అంది ఆమె. అబద్ధం కాదు.

గురువారం నాలుగింటికి కంపెనీ నుంచి తనిఖీ చేసే ఆవిడ వచ్చింది. నెరిసిన జుట్టు, చేతిలో టాబ్లెట్, మాట తక్కువ మనిషి. భర్త ఎదురెళ్లి కార్డిచ్చి కూర్చోబెట్టాడు. "వీపులో గాలి ఆడాలని వల పెట్టింది నా ఐడియానే మేడమ్," అంటున్నాడు. ఆమె వంటింటి గుమ్మం దగ్గర నిలబడింది. పిల్ల ఆమె పక్కనే ఉంది. బొమ్మ కోటు వేసుకుని ట్రేతో హాల్లోకి వచ్చింది. నడిచింది, వంగింది, గ్లాసు ఆవిడ ముందు పెట్టింది. కోటు ఎక్కడా ముడత పడలేదు. ఆవిడ తల ఆడిస్తూ ఏదో రాసుకుంది. తిరిగి వెళ్లమని భర్త సైగ చేశాడు. బొమ్మకి అర్థం కాలేదు, అక్కడే నిలబడింది.

"వెళ్లు," అన్నాడు నవ్వుతూ. అది కదల్లేదు. ఆయన మెడ మీద నరం ఆమెకి ఇక్కడికి కనిపిస్తోంది. లోపల నాడా బిగించి ఉందన్న ధీమా ఆయనది. మొహం మీద నవ్వు అలాగే ఉండగా అరచెయ్యి బల్ల మీద ఫెడీమని పడింది. "కదలవే!"

ఆ ఇంట్లో మూడు మోచేతులు లేవాలి. రెండే లేచాయి.

ఆమె తన కుడి చేతిని ఎడమ చేత్తో పట్టుకుని, కళ్లు మూసుకోకుండా చూసింది. ఇన్నేళ్లలో మొదటిసారి బయటినుంచి చూసింది. హాలు మధ్యలో బొమ్మ, గుమ్మంలో తన పిల్ల, ఒకే ఎత్తు, ఒకే తీరు, మొహం కనపడకుండా మోచెయ్యి. బొమ్మ కోటు చిరగలేదు. చంక కింద పలకముక్క హాయిగా విచ్చుకుంది.

తనిఖీ ఆవిడ రాయడం ఆపింది. బొమ్మని చూసింది, పిల్లని చూసింది. బల్ల మీంచి భర్త ఇంకా తీయని అరచేతిని చూసింది.

"ఇది మేం నేర్పింది కాదే," అంది మెల్లగా. "ఎవరి దగ్గర నేర్చుకుంది?"

"అబ్బే, ఏదో మెషిను తిక్క మేడమ్," అని భర్త నవ్వుతూనే ఆమె వైపు తిరిగి ఒక చూపు చూశాడు. నిన్న పూర్తిచెయ్యని మాట మొత్తం ఆ చూపులో ఉంది. ఆమె పిల్ల మోచేతిని పట్టుకుని నెమ్మదిగా కిందికి దించింది.

"నా దగ్గరేనండీ," అంది. "ఇద్దరూ నా దగ్గరే నేర్చుకున్నారు."