బి సైడు మొదటి పాట

రెబెక్కా రొయ్య తల తుంచి, వేలి కొనతో పెంకు వలిచి, పక్క గిన్నెలోకి జారవిడిచింది. మంచునీళ్లకి తొడుగుల్లోంచి కూడా వేళ్లు జివ్వుమంటున్నాయి. తెల్లటోపీ అంచున నెరిసిన జుట్టు, మాస్కు పైన పెద్ద కళ్లు. పొట్టి మనిషి కావడంతో బల్ల అందడానికి చెక్కపీట మీద నిలబడుతుంది. భీమవరంలో ఈ రొయ్యల ఫ్యాక్టరీకి వచ్చి చాలా ఏళ్లయింది.

టీ విరామంలో పక్కబల్ల లోవలక్ష్మి ఫోను తెరిచింది. గిటారు మూలిగింది. వెనకే ఒక ఆడగొంతు.

“మా అమ్మాయి రోజంతా ఇదే పెడతాదండి. బ్లూసంట. ఎవరు పాడారో గానీ గుండె పిండేశారు.”

“నేనే,” అంది రెబెక్కా టీ ఊదుకుంటూ.

లోవలక్ష్మి నవ్వింది. రెబెక్కా నవ్వకపోయేసరికి గ్లాసు కింద పెట్టేసింది.

రాజమండ్రి రైల్వేలో పనిచేసే తాతాజీ, వయసులో ఉండగా, కాకినాడలో ఓ నావికుడిచ్చిన రికార్డు విని అమెరికా నల్లవాళ్ల దుఃఖపు పాటల మీద మనసుపడ్డాడు. ఆ బాణీలో పడవవాళ్ల మాటలు కలిపి ‘ఏటిగట్టు’ అనే బ్యాండు కట్టాడు. కొవ్వూరు చర్చిలో పాడే రెబెక్కాని, వాళ్ల నాన్నని బతిమాలి మరీ తెచ్చుకున్నాడు. తొలి క్యాసెట్టు ‘నీరు తీసిన రేవు’ని కొన్నవాళ్లు లేరు. డ్రమ్ములు వాయించే అతను గల్ఫు వెళ్లాడు. రెబెక్కాకి పెళ్లయింది. బ్యాండు చెదిరిపోయింది. ఇన్నాళ్లకి ఎవరో ఆ పాటల్ని నెట్‌లో పెడితే కుర్రకారు ఎగబడ్డారు. ఈ సాయంత్రం ఊళ్లోని ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలు క్యాసెట్టంతా పాడుతున్నామని తాతాజీనీ రెబెక్కానీ రమ్మన్నారు.

షిఫ్టు దిగి, చేతులు నిమ్మకాయతో రుద్దుకుని, మంచి చీర కట్టుకుని ఆటోలో వెళ్లింది. స్టేజీ వెనక ప్లాస్టిక్ కుర్చీలో తాతాజీ గిటారు సవరించుకుంటున్నాడు. మనిషి బాగా చిక్కిపోయాడు.

“చూసి పోతానంతేనండీ తాతాజీ గారూ. ఆ గొంతు ఎప్పుడో పోయింది. నవ్వుతారు.”

“నా వేళ్లు మాత్రం ఉన్నాయేంటమ్మా? శ్రుతి దించుకుందాం. బి సైడు మొదటిది, అదొక్కటే.”

ఆ పాట ఆమెదే. మైకు ముందు నిలబడి అందుకుంది.

“నీరు తీసిన రేవులోన నిలిచిపోయిన పడవరా...”

చివరి మాట దగ్గర గొంతు జీరపోయి ఆగిపోయింది. చీకట్లో కూర్చున్న పిల్లలు తర్వాతి పాదం తామే ఎత్తుకున్నారు.

“పోటు వచ్చే వేళకైనా పిలవకుంటే ఎలాగరా...”

హాలు హాలంతా పాడుతోంది. తన పాటని ఇంతమంది నోట వినడం రెబెక్కాకి అదే మొదలు. నోటికి చెంగు అడ్డం పెట్టుకుని నవ్వేసింది. తర్వాత కింది స్థాయిలో, బరువుగా, ఎక్కడా తడబడకుండా చివరిదాకా పాడింది. ఆమె ఆగినచోటల్లా తాతాజీ గిటారు బదులు పలికింది.

పాట కాగానే, కాలేజీ బ్యాండులో పాడే లక్ష్మీదుర్గ పరిగెత్తుకొచ్చి వాటేసుకుంది.

“రొయ్యల వాసనొస్తానమ్మా, దూరంగా ఉండు.”

“మావి చెరువులేనండి. ఇంట్లో రోజూ ఇదే వాసన,” అంటూ ఆ పిల్ల ఇంకా గట్టిగా పట్టుకుంది.

తాతాజీకి రైలు టైమైంది. “వానలు తగ్గాక రాజమండ్రి రామ్మా. కొత్త పాటొకటి కట్టాను,” అంటూ గిటారు భుజానికి తగిలించుకుని వెళ్లిపోయాడు.

వానలు తగ్గకముందే, ఓ మధ్యాహ్నం కునుకులో ఆయన పోయాడు. ఆ సాయంత్రానికి అదేమీ తెలియదు. రెబెక్కా ఇంకా కూనిరాగం తీస్తూ ఆయన కూర్చున్న కుర్చీ పక్కకి జరపబోయి ఆగింది. అందులో కొబ్బరిచిప్ప ముక్కని అరగదీసి చేసుకున్న గిటారు తీగలు మీటే బిళ్ల ఉంది, ఒక అంచు పల్చబడి, ఇంకా వెచ్చగా.